అద్దినంత నీళ్లు

పొద్దు పొడిచేసరికి పెన్‌గంగ అవతల మబ్బు దిగింది.
ఇస్లాపూర్ రోడ్డు మీద ఆటో దిగినం పదకొండుమందిమి,
కుడిచేతి బొటనవేళ్లకు పెంచుకున్న గోర్లతోని.
క్రాసింగు పనికి గోరే కొడవలి.

నిన్న పొద్దుగూకేదాకా
విచ్చని పత్తిమొగ్గలను గోటితో గీరి
రేకులు, పుప్పొడి తిత్తులు అన్నీ ఒలిచేసి
నడుమ మిగిలిన ఒంటి కాడకు
ఎర్ర కాయితం టోపీ తొడిగినం.
నావి నాలుగువందల పదారు.
పొద్దున తొమ్మిదికి మగసాలు పువ్వు తెంపి,
టోపీ తీసి, కాడకు రుద్ది, దారం కట్టాలె.
పదకొండు దాటితే పొడి ఎండకు చస్తది.
తొమ్మిదికి ముందైతే మంచుకు.

ఎనిమిదింబావుకు వాన.
పెద్దదేం కాదు,
పడుకున్న మేక లేవనంత వాన.
సేటు మోటరు షెడ్డులోంచి మీదికి చూసి తిట్టిండు.
వాన రోజుకు కూలి లేదు.

చేను పక్కనే జిల్లా పరిషత్ బడి.
వరండాలో తడిసిన చెప్పులు చూసి
గేడాం సారు వెళ్లగొడ్తడనుకున్నం.
బల్ల మీద దుర్బిణి పెట్టిండు.
"రోజూ ముట్టుకునేదే గద, ఒకసారి చూడుండ్రి."
ఒక కన్ను మూసుకొమ్మన్నడు.
నేను రెండూ మూసిన.

తెరిస్తే
పల్లేరుకాయలు!
పచ్చటి గుండ్రటి పల్లేరుకాయలు,
ఒంటినిండ ముండ్లు.
తొమ్మిదేండ్లుగా నా వేళ్లకు
ముద్దపసుపు లెక్క మెత్తగ అంటుకున్నవి ఇవేనా?

చూరునీళ్లలో పుల్ల ముంచి
ఒక్క చుక్క ఆనించిండు సారు.
ఒకటి ఉబ్బింది. పక్కది ఉబ్బింది.
మొదటిది టప్పుమని
(సప్పుడేం లేదు, నా చెవులే కల్పించుకున్నయి)
పగిలి, కడుపులదంత గంజి లెక్క పారబోసుకుంది.
ఆ వెంట ఇంకోటి. ఇంకోటి.

"ఎందుకు సారూ?"
"దూప. ఎండి ఉంటది గద, దొరికిన కాడికి గుంజుకుంటది.
చాలనడం దానికి రాదు."
"మరి కాడ మీద?"
"కాడ అడిగినన్ని ఇయ్యదు. చెమ్మ చెమ్మగ ఇస్తది.
అప్పుడు మొలుస్తది."

ఇంకో అద్దం మీద చాయ్ చక్కెర కలిపిన నీళ్లు.
అరగంట చూసినం.
చానా మట్టుకు ఊరికే ఉన్నయి.
కొన్ని పగిలినయి.
ఒక్కటంటే ఒక్కదానికి
దారమంత తోక బయటికొచ్చి
ఎటు పోవాల్నో తెలవక వంకర తిరిగింది.

వచ్ఛలాబాయి అందరికన్న ఎక్కువసేపు చూసింది.
ఏం అనలే.
నన్ను ఒకసారి చూసి, బయట వానను చూసింది.

ఆ ఏడు ఎండాకాలం కిన్వట్ దవాఖాన్ల
నా కడుపు కోసి కుట్టిన రాత్రి.
గొంతు కుండపెంకు.
నీళ్లు, నీళ్లు అని మంచం పట్టె గుద్దిన.
నర్సు కండ్లు ఉరిమింది.
వచ్ఛల పొద్దటిదాకా కూసోని
దూది తడిపి, పిండి,
నా పెదవులకు అద్దింది.
"హళూ, హళూ" అనుకుంట.
మళ్ల తడిపి, మళ్ల పిండి.
ఆమెను తిట్టిన తిట్లు
నాకిప్పటికీ యాదికున్నయి.
ఆమె మరాఠీది, సగం అర్థం కాలేదంటది.
అబద్ధం.

పదింటికి వాన వెలిసింది.
సేటు కేకేసిండు, సగం కూలి అన్నడు.
నాని కారుతున్న ఎర్రటోపీలు తీస్తే
కాడల మీద నీటి పూసలు.
గోటితో విదిలిస్తే విరుగుతయి.
వచ్ఛల ఒక్కో కాడ ముందు వంగి
వేడి పాలు చల్లార్చినట్టు ఊదుతున్నది.
నేను అటు సాలులో ఊదుతున్న.
తలలు తిరిగినయి ఇద్దరికీ.
పదకొండయినంక కూడా రుద్దినం,
ఎవరూ ఆపలే.

ఏది తాగి ఆగిందో
ఏది తాగి పగిలిందో
పైనుంచి తెలవదు.
కట్టిన దారాలన్నీ ఒక్కతీరు ఎర్రగనే ఉన్నయి.

నాలుగోనాడు పిందెలు రాలినయి.
నా సాళ్లలో నూట తొంభై రెండు.
దారం ఇప్పి ఇప్పి కొంగున ముడేసిన.
పిందె పోయినా
దారం ఇంకోదానికి పనికొస్తది.